పైపు చివర నీళ్లు గాలిలోకి పడే చోట మోడల్‌లో ఏం పెట్టాలి: డిమాండా, రిజర్వాయరా, ఎమిటరా?

నీటి పైపుల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ ఈపానెట్‌లో నెట్‌వర్క్ గీయడం పెద్ద పనేమీ కాదు. జంక్షన్లు (పైపులు కలిసే బిందువులు), పైపులు, పంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు అన్నీ ఒక పూటలో పెట్టేయొచ్చు. చిక్కంతా నీళ్లు పైపులోంచి బయటికి వచ్చే చోట ఉంది. పైపును ఖాళీ చేసే స్కవర్ వాల్వు తెరిస్తే నీళ్లు వాగులో పడతాయి. లిఫ్టు పథకంలో పైపు చివరి నుంచి డెలివరీ సిస్టర్న్ అనే తొట్టిలోకి దూకుతాయి. ఇంటి ముందు నల్లా తిప్పితే బిందెలోకి వస్తాయి. మెయిన్ పగిలితే రోడ్డు మీద ఫౌంటెన్‌లా లేస్తాయి. బయట ఉన్న గాలి ఒకటే అయినా ఈ నాలుగింటినీ మోడల్‌లో ఒకే పద్ధతిలో చూపిస్తే కనీసం రెండు చోట్ల తప్పు లెక్క వస్తుంది.

ఈపానెట్ పరికరాల పట్టీలో ‘వాతావరణం’ అనే వస్తువు లేదు. ఉన్నవాటితోనే మనం దాన్ని తయారుచేసుకోవాలి. జంక్షన్ మీద డిమాండ్ వేయొచ్చు, ఎమిటర్ (ప్రెజర్‌ను బట్టి నీళ్లు వదిలే నోరు) గుణకం ఇవ్వొచ్చు, పైపు చివర రిజర్వాయర్ పెట్టొచ్చు, మధ్యలో ఒక వాల్వు ఇరికించొచ్చు, లేదా 2.2 వెర్షన్‌లో చేరిన ప్రెజర్ ఆధారిత డిమాండ్ పద్ధతికి మారొచ్చు. ఏది ఎంచుకోవాలో ఒక ప్రశ్నతో తేలుతుంది: ఆ చివర దగ్గర మీకు ముందే తెలిసింది ఏమిటి? ఎన్ని నీళ్లు పోతాయో తెలిస్తే డిమాండ్. అక్కడి హెడ్ (మట్టమూ ప్రెజరూ కలిపి మీటర్లలో) తెలిస్తే రిజర్వాయర్. రెండూ తెలియకపోయినా ప్రెజర్‌కీ ప్రవాహానికీ మధ్య సంబంధం తెలిస్తే ఎమిటర్. మిగతావన్నీ ఈ మూడింటి కలయికలే.

డిమాండ్: అందరూ మొదట వేసేది

జంక్షన్ మీద డిమాండ్ 40 లీటర్లు/సెకను అని రాస్తే, ప్రెజర్ ఉన్నా లేకపోయినా ఈపానెట్ ఆ 40 లీటర్లను లాగేస్తుంది. డిజైన్ దశలో ఇది మంచిదే, ఎందుకంటే అక్కడ మనం అడిగేది ‘ఇన్ని నీళ్లు ఇస్తే ప్రెజర్ ఎంత మిగులుతుంది’ అని. తెరిచి ఉన్న పైపు చివర మాత్రం ప్రశ్న తిరగబడుతుంది. అక్కడ ప్రెజర్ సున్నా అని తెలుసు, ఎన్ని నీళ్లు వస్తాయో తెలియదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. నీటిమట్టం 60 మీటర్ల దగ్గర ఉన్న ట్యాంకు నుంచి 1000 మీటర్ల పొడవున్న, లోపలి వ్యాసం 200 మి.మీ. ఉన్న ప్లాస్టిక్ పైపు 40 మీటర్ల మట్టం దగ్గర బయటికి తెరుచుకుంటోంది. పైపు నునుపును చెప్పే హేజెన్–విలియమ్స్ సి విలువ 145. మధ్యలో ఉన్న 20 మీటర్ల హెడ్ మొత్తం రాపిడికే ఖర్చయితే సెకనుకు దాదాపు 71 లీటర్లు వస్తాయి. ఇప్పుడు చివరి జంక్షన్ మీద 40 లీటర్ల డిమాండ్ వేయండి. అక్కడ ప్రెజర్ 13 మీటర్లు చూపిస్తుంది. తెరిచి ఉన్న పైపు నోటి దగ్గర 13 మీటర్ల ప్రెజర్ నిలవదు. ఆ మోడల్‌కు అర్థం ఏమిటంటే, అక్కడ ఎవరో వాల్వును సగం మూసి పెట్టారని. అదే జంక్షన్ మీద 100 లీటర్లు వేస్తే ప్రెజర్ మైనస్ 18 మీటర్ల దగ్గరికి పోతుంది. సంపూర్ణ శూన్యం కూడా సముద్రమట్టం దగ్గర మైనస్ 10.3 మీటర్లు దాటదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది, రిపోర్టు ప్రింటయిపోతుంది.

అలాగని డిమాండ్‌ను పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. చివర ఫ్లో కంట్రోల్ వాల్వు ఉండి అది తన పని చేస్తుంటే, ప్రవాహం నిజంగానే మనకు ముందే తెలుసు. అనంతపురం వైపు తోటల్లో వాడే ప్రెజర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లూ అంతే. వాటి పని పరిధిలో ప్రెజర్ పెరిగినా తగ్గినా గంటకు ఇచ్చే నీళ్లు దాదాపు మారవు. అలాంటి డ్రిప్పర్లున్న గొట్టాన్ని (లాటరల్‌ను) డిమాండ్‌గా చూపిస్తే చాలు, ఎమిటర్ పెట్టి కష్టపడక్కర్లేదు. ఫలితంలో ప్రెజర్ ఆ పరిధిలోనే ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

రిజర్వాయర్: తెరిచిన పైపుకు నా మొదటి ఓటు

ఈపానెట్ భాషలో రిజర్వాయర్ అంటే హెడ్ మారని బిందువు, ఎన్ని నీళ్లయినా ఇస్తుంది, ఎన్నయినా తీసుకుంటుంది. పైపు గాలిలోకి తెరుచుకునే చోట రిజర్వాయర్ పెట్టి, దాని హెడ్‌ను పైపు నోటి మధ్యరేఖ మట్టానికి సమానంగా ఇస్తే, ‘ఇక్కడ ప్రెజర్ సున్నా’ అని చెప్పినట్టే. ప్రవాహం ఎంతో మోడలే తేలుస్తుంది. పై ఉదాహరణలో చివర 40 మీటర్ల హెడ్‌తో రిజర్వాయర్ పెడితే సూటిగా ఆ 71 లీటర్లే వస్తాయి.

ఇందులో జాగ్రత్తపడాల్సినవి రెండున్నాయి. ఒకటి ఎక్కువమంది చూసుకునేది, రెండోది చాలామంది వదిలేసేది.

మొదటిది వెనక్కి పారడం. నెట్‌వర్క్‌లో ప్రెజర్ పడిపోతే రిజర్వాయర్ నీళ్లు తీసుకోవడం మాని ఇవ్వడం మొదలుపెడుతుంది. వాగులోకి తెరిచిన స్కవర్ పైపు ఊరికి నీళ్లు సరఫరా చేస్తున్నట్టు ఫలితాలు వస్తాయి. మందు తేలికే: చివరి పైపు స్టేటస్‌ను చెక్ వాల్వుగా మార్చాలి. రిజర్వాయర్‌ను అవుట్‌లెట్‌గా వాడిన ప్రతిచోటా ఆలోచించకుండా ఇది చేసేయడం మంచిది.

రెండోది వేగపు హెడ్. ఈపానెట్ హెడ్‌లో మట్టమూ ప్రెజరూ మాత్రమే ఉంటాయి, వేగం వల్ల వచ్చే భాగం ఉండదు. గాలిలోకి దూకే నీళ్లు మాత్రం ఆ వేగాన్ని తీసుకునే బయటికి పోతాయి. ఆ శక్తి కూడా ట్యాంకులోని హెడ్ నుంచే రావాలి కదా. దీన్ని లెక్కలోకి తేవాలంటే చివరి పైపుకు మైనర్ లాస్ (పైపు రాపిడి కాక మిగతా నష్టాల) గుణకం 1.0 ఇవ్వాలి. పొడవైన పైపులో దీనివల్ల తేడా పెద్దగా రాదు. మన 1000 మీటర్ల పైపులో 70.9 లీటర్లు 70.4 అవుతాయి, అంతే.

చిన్న పైపులో కథ వేరు. అదే 20 మీటర్ల హెడ్ కింద 150 మి.మీ. వ్యాసం, 10 మీటర్ల పొడవున్న స్కవర్ పైపును తీసుకోండి. మైనర్ లాస్ ఏమీ ఇవ్వకపోతే మోడల్ సెకనుకు 400 లీటర్లు వస్తాయంటుంది. ఆ లెక్కన వేగం 22 మీటర్లు/సెకను దాటుతుంది, దాని వేగపు హెడ్డే 26 మీటర్లు. ఉన్న హెడ్ 20 మీటర్లయితే 26 మీటర్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? బయటికి పోయే వేగానికి 1.0, పైపు మొదట్లో ప్రవేశ నష్టానికి 0.5 కలిపి ఇస్తే ప్రవాహం 229 లీటర్ల దగ్గర ఆగుతుంది. వాల్వు నష్టం కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది. ట్యాంకు ఖాళీ చేయడానికి ఎంతసేపు పడుతుందో, కింది వాగు కట్ట ఆ ధాటిని తట్టుకుంటుందో లేదో చూసేవాళ్లకు 400కీ 229కీ మధ్య తేడా చిన్నది కాదు. పైపు పొడవును వ్యాసంతో భాగిస్తే కొన్ని వేలు వచ్చేచోట వేగపు హెడ్‌ను మరిచిపోయినా ఏమీ కాదు. వందల్లోకి దిగితే మరవకండి.

పైపు నోరు నీళ్లలో మునిగి ఉంటే అది గాలిలోకి పడటం కాదు. అప్పుడు రిజర్వాయర్ హెడ్‌గా మధ్యరేఖ మట్టం కాకుండా అవతలి నీటిమట్టం ఇవ్వాలి. గుణకం 1.0 అప్పుడూ ఉంటుంది. పట్టిసీమ, దేవాదుల లాంటి లిఫ్టు పథకాల్లో, చిన్న చెరువు లిఫ్టుల్లో కూడా, పంపు హెడ్ లెక్క ఇక్కడే మారుతుంది. పైపు నోరు సిస్టర్న్ నీటిమట్టం కంటే 2 మీటర్లు పైన ఉంటే, కింద నీళ్లు ఎక్కడున్నా పంపు ఆ 2 మీటర్లూ అదనంగా ఎత్తాల్సిందే, పథకం నడిచినన్నాళ్లూ కరెంటు బిల్లులో ఆ ఖర్చు పడుతూనే ఉంటుంది. నోటిని ముంచితే ఆ హెడ్ మిగులుతుంది. కానీ కరెంటు పోయి పంపు ఆగితే సిస్టర్న్‌లోని నీళ్లు కూడా వెనక్కి వస్తాయి కాబట్టి చివర ఫ్లాప్ వాల్వో మరో ఏర్పాటో కావాలి. మోడల్‌లో రెండు పద్ధతులూ పెట్టి చూస్తే ఏది లాభమో తేలిపోతుంది. రిజర్వాయర్ హెడ్ ఒక్క అంకె మారిస్తే చాలు.

ఎమిటర్: నోరు పైపు కంటే చిన్నదైనప్పుడు

నాజిల్, హైడ్రెంట్, స్ప్రింక్లర్, పగులు, కుళాయి. వీటన్నింటిలో నీళ్లు ఒక ఇరుకు దాటి బయటపడతాయి. ఆ ఇరుకు ముందు ప్రెజర్ ఉంటుంది, దాన్నిబట్టి ప్రవాహం ఉంటుంది. ఈపానెట్ ఎమిటర్ సూత్రం సింపుల్: ప్రవాహం = గుణకం × (ప్రెజర్)^ఘాతాంకం. ఘాతాంకం మామూలుగా 0.5. మెట్రిక్ యూనిట్లలో గుణకం అంటే ప్రెజర్ 1 మీటరు ఉన్నప్పుడు బయటికి వచ్చే ప్రవాహం. నోటి వైశాల్యం తెలిస్తే లెక్కగట్టొచ్చు: వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకుని, 4.43తో, డిశ్చార్జ్ గుణకంతో, లీటర్ల కోసం 1000తో గుణించాలి. పదునైన అంచున్న రంధ్రానికి డిశ్చార్జ్ గుణకం 0.6 చుట్టుపక్కల, నున్నగా గుండ్రంగా మలిచిన హైడ్రెంట్ నోటికి 0.9 చుట్టుపక్కల ఉంటుంది.

ఇక్కడొక పిడకల వేట. 200 మి.మీ. పూర్తి పైపు నోటికి, డిశ్చార్జ్ గుణకం 1 తీసుకుని ఎమిటర్ లెక్క కడితే 139 వస్తుంది. దాన్ని మన 1000 మీటర్ల పైపు చివర పెడితే 70.4 లీటర్లే వస్తాయి. రిజర్వాయర్ పెట్టి మైనర్ లాస్ 1.0 ఇచ్చినప్పుడు వచ్చిన అంకే ఇది. అంటే తెరిచిన పైపుకు రిజర్వాయరా ఎమిటరా అన్న వాదనకు హైడ్రాలిక్స్‌లో అర్థం లేదు, రెండూ ఒకటే సమీకరణం. తేడా అంతా వాడకంలోని సౌకర్యమే. ఎమిటర్ అయితే కొత్త నోడ్ అక్కర్లేదు, జంక్షన్ లక్షణాల్లో ఒక అంకె రాస్తే సరి. రిజర్వాయర్ అయితే మ్యాప్ మీద కంటికి కనబడుతుంది, ఆర్నెల్ల తర్వాత ఫైలు తెరిచినవాళ్లకు ‘ఇక్కడ నీళ్లు బయటికి పోతాయి’ అని అర్థమవుతుంది. ఎమిటర్ గుణకం మాత్రం జంక్షన్ మీద నొక్కి చూస్తే తప్ప దొరకదు. ఇంకొకరికి అప్పజెప్పే మోడల్‌లో నేను రిజర్వాయర్‌కే మొగ్గుతాను.

ఎమిటర్‌తో వచ్చే ఇబ్బంది కూడా వెనక్కి పారడమే. ప్రెజర్ మైనస్‌లోకి పోతే ఎమిటర్ ప్రవాహం కూడా మైనస్ అవుతుంది. అంటే గాలిలోంచి నీళ్లు పీల్చుకుని నెట్‌వర్క్‌లోకి పంపుతుంది. 2.3 వెర్షన్‌లో దీన్ని ఆపే ఆప్షన్ వచ్చింది. పాత వెర్షన్లు వాడేవాళ్లు ఎమిటర్ ఉన్న జంక్షన్‌ను చెక్ వాల్వు ఉన్న చిన్న పైపుతో మెయిన్‌కు కలపాలి.

ఘాతాంకం గురించి ఒకటి తెలియాలి. అది నెట్‌వర్క్ మొత్తానికి ఒక్కటే, జంక్షన్‌కు ఒకటి ఇవ్వడం కుదరదు. హైడ్రెంట్లకూ నాజిళ్లకూ 0.5 సరిపోతుంది. లీకేజీకి సరిపోదు. 1994లో లీకేజీ మీద రాస్తూ జాన్ మే చూపించినట్టు, ప్రెజర్ పెరిగితే పగులు కూడా తెరుచుకుంటుంది. ప్లాస్టిక్ పైపుల్లో పొడుగు పగుళ్లకు ఘాతాంకం 1.5 దాకా పోతుంది. ప్రెజర్‌ను 30 మీటర్ల నుంచి 15కు తగ్గిస్తే, ఘాతాంకం 0.5 అయితే లీకేజీ 71 శాతం మిగులుతుంది. 1.5 అయితే 35 శాతమే మిగులుతుంది. ప్రెజర్ తగ్గించే వాల్వులకు డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఈ ఒక్క అంకె మీద ఆధారపడొచ్చు. లీకేజీ, హైడ్రెంట్ రెండూ ఒకే మోడల్‌లో కావాలంటే ఒకదానికి ఎమిటర్ ఉంచి, రెండోదానికి జనరల్ పర్పస్ వాల్వులో ప్రవాహం–హెడ్‌లాస్ వక్రాన్ని ఇచ్చి అవతల రిజర్వాయర్ పెట్టడం ఒక మార్గం. కంపెనీ ఇచ్చిన రేటింగ్ కర్వ్ ఉన్న స్ప్రింక్లర్లు, స్లీవ్ వాల్వుల లాంటివాటికి కూడా ఇదే మెరుగైన దారి. సూత్రంలోకి బలవంతంగా నెట్టే బదులు ఉన్న వక్రాన్నే వాడుకోవచ్చు.

ఊళ్లో నల్లాలు: అసలు పరీక్ష

ఆంధ్రా, తెలంగాణ ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. గంటో రెండు గంటలో వదులుతారు. వదిలిన క్షణం నుంచి కట్టే దాకా నల్లాలన్నీ తెరిచే ఉంటాయి. డిజైన్ మాత్రం తలసరి లెక్కతో నడుస్తుంది. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. గంట సరఫరాలో ఇవ్వాలంటే సెకనుకు 0.076 లీటర్లు. మోడల్‌లో ఇంటికింత చొప్పున డిమాండ్ వేసి, చివరి ఇంటి దగ్గర కూడా 7 మీటర్ల ప్రెజర్ ఉందని చూపించి అనుమతులు తెచ్చుకుంటారు. ఒక అంతస్తు ఇళ్లకు 1999 నాటి కేంద్ర నీటి సరఫరా మాన్యువల్ అడిగిన కనీస ప్రెజర్ ఆ 7 మీటర్లే.

నల్లాకు ఈ సంగతేమీ తెలియదు. ప్రెజర్ ఎంత ఉంటే అంత ఇస్తుంది. 15 లీటర్ల బకెట్ 50 సెకన్లలో నిండిందనుకోండి, అప్పుడు గేజీ 9 మీటర్లు చూపిస్తోందనుకోండి. ప్రవాహం 0.3, దాన్ని 9 వర్గమూలంతో భాగిస్తే ఎమిటర్ గుణకం 0.1. ఈ ఇంటికి గంటలో రావాల్సిన 275 లీటర్లు పావుగంటలో వచ్చేశాయి. మిగతా ముప్పావుగంటలో సంపు నిండుతుంది, డ్రమ్ములు నిండుతాయి, తర్వాత వాకిలి కడుగుతారు. డిజైన్‌కు నాలుగు రెట్లు నీళ్లు ట్యాంకు దగ్గరి ఇళ్లే లాగేస్తే మెయిన్‌లో రాపిడి నష్టం 13 రెట్లు పెరుగుతుంది, చివరి వీధికి చుక్క రాదు. కాగితం మీద 7 మీటర్లు, వీధిలో ఖాళీ బిందెలు. ‘పైపు చిన్నదైంది’ అని అందరూ అంటారు కానీ చాలాసార్లు పైపు డిజైన్ ప్రకారమే ఉంటుంది, డిమాండ్ అనే ఊహే వీధిలో నిలబడదు.

కాబట్టి ఇక్కడ మూడు దారులున్నాయి.

ప్రెజర్ ఆధారిత డిమాండ్ మొదటిది. దీనిలో కనీస ప్రెజర్, కావాల్సిన ప్రెజర్ అని రెండు హద్దులు ఇస్తాం. కనీసం కంటే తగ్గితే నీళ్లు రావు, కావాల్సినదానికి చేరితే పూర్తి డిమాండ్ వస్తుంది, మధ్యలో వర్గమూలం లెక్కన పెరుగుతుంది. మైనస్ ప్రెజర్లు పోతాయి, చివరి వీధికి ఎంత లోటో కనబడుతుంది. కానీ ఇది డిమాండ్ దగ్గర ఆగిపోతుంది. ప్రెజర్ 20 మీటర్లున్నా ఇంటికి 0.076 లీటర్లే ఇస్తుంది. దగ్గరి ఇళ్లు ఎక్కువ లాగడం అనే అసలు జబ్బు దీనిలో కనబడదు. మీటర్లు ఉండి, 24 గంటలూ నీళ్లు వచ్చే పట్టణ జోన్‌కు, లేదా ప్రతి నల్లాకూ ఫ్లో కంట్రోల్ బిగించిన ఊరికి ఇది సరైనది. తెరిచి వదిలే నల్లాలకు కాదు.

తెరిచి వదిలే నల్లాలకు ఎమిటరే. ఒక జంక్షన్ మీద 20 ఇళ్లుంటే గుణకం 20 × 0.1 = 2. జంక్షన్ మట్టంగా పైపు పూడ్చిన లోతు కాదు, నల్లా నోటి మట్టం ఇవ్వాలి. మీటరు తేడా అయినా 4 మీటర్ల ప్రెజర్ ఉన్న చోట అది పెద్దదే. గేజీని నల్లా దగ్గర కాకుండా ఫెర్రూల్‌కు (మెయిన్‌కు ఇంటి సర్వీసు పైపు తగిలే చోటుకు) దగ్గరగా పెట్టగలిగితే సర్వీసు పైపు నష్టం కూడా గుణకంలోకి వచ్చేస్తుంది. ఊరు మొత్తానికి ఒకే గుణకం పెట్టకండి. పాత జీఐ పైపు సర్వీసుకూ కొత్త ప్లాస్టిక్ సర్వీసుకూ చాలా తేడా ఉంటుంది. నల్లాకు నేరుగా మోటారు తగిలించే వీధి ఉంటే, ఆ జంక్షన్ మట్టాన్ని మోటారు పీల్చే హెడ్ మేరకు తగ్గించి చూడండి. మోటార్ల వల్ల పక్కింటికి ఏమవుతుందో లెక్కతో చూపించడానికి ఇది చాలు. పంచాయతీ సమావేశంలో చెప్పే మాట కంటే ఆ రంగుల మ్యాప్ బాగా పనిచేస్తుంది.

మూడోది ట్యాంకు పద్ధతి. జంక్షన్‌కు చెక్ వాల్వు ఉన్న పైపుతో ఒక చిన్న ట్యాంకు కలిపి, ఆ ఇళ్ల సంపులన్నీ కలిపితే ఎంత పరిమాణమో అంత ఇవ్వాలి. నిండాక ఈపానెట్ దానంతట అదే లోపలికి పారడం ఆపేస్తుంది, బాల్ వాల్వు మూసుకున్నట్టే. దగ్గరి ఇళ్లు నిండాక దూరపు ఇళ్లకు నీళ్లు చేరడం నిమిషం నిమిషం కనబడుతుంది. పని ఎక్కువ, సంపుల సర్వే కావాలి. సరఫరా సమయాన్ని గంట నుంచి గంటన్నరకు పెంచితే చాలా, లేక వీధుల వారీగా వాల్వులు తిప్పాలా అన్న నిర్ణయానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. ఎమిటర్‌తో కూడా చేయొచ్చు కానీ సంపు నిండాక నీళ్లు ఆగడం అందులో ఉండదు.

ఈ మూడింటిలో ఏదీ పైపులు నిండే మొదటి పావుగంటను చూపించదు. ఈపానెట్‌కు పైపు ఎప్పుడూ నిండే ఉంటుంది. ఆ భాగం కావాలంటే వాననీటి, మురుగు కాలువల కోసం చేసిన ఎస్‌డబ్ల్యూఎమ్‌ఎమ్ వైపు వెళ్లాలి. అందులో సగం నిండిన పైపులనూ లెక్క కడతారు, చివర ఫ్రీ అవుట్‌ఫాల్ పెట్టొచ్చు. మామూలు డిజైన్‌కు అంత అవసరం పడదు.

పైనుంచి నింపే ట్యాంకు, మధ్యలో గుట్ట

మన ఓవర్‌హెడ్ ట్యాంకులకు రైజింగ్ మెయిన్ (పంపు నుంచి వచ్చే పైపు) పైకి వెళ్లి అంచు దగ్గర గాలిలో పోస్తుంది. ఈపానెట్ ట్యాంకు అడుగు నుంచి నిండుతుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు మోడల్‌లో పంపుకు 3 మీటర్లో 4 మీటర్లో తక్కువ హెడ్ కనబడుతుంది, ఉన్నదానికంటే ఎక్కువ నీళ్లు వస్తాయని చూపిస్తుంది. దీన్ని సరిచేయడానికి, తన పై వైపు ప్రెజర్‌ను పడిపోకుండా నిలబెట్టే ప్రెజర్ సస్టెయినింగ్ వాల్వు వాడాలి. ఇన్‌లెట్ నోటి మట్టంతో ఒక జంక్షన్ పెట్టి, దాని తర్వాత ఆ వాల్వును సెట్టింగ్ 0తో పెట్టండి. పై వైపు హెడ్ ఆ మట్టానికి చేరితే తప్ప నీళ్లు పోవు, వెనక్కి రావు. ఈ వాల్వును ట్యాంకుకు నేరుగా తగిలిస్తే ఎర్రర్ 219 వస్తుంది. మధ్యలో ఒక మీటరు పైపు వేయాలి. దానికి వింత వ్యాసాలు ఇవ్వకండి, మెయిన్ వ్యాసమే చాలు. ట్యాంకు పొర్లి ఊరి మీద పడే దృశ్యం కూడా చూపించాలంటే 2.2 నుంచి ట్యాంకు లక్షణాల్లో ఓవర్‌ఫ్లో ఆప్షన్ ఉంది. అది లేకపోతే నిండగానే మోడల్ లోపలికి దారి మూసేస్తుంది, వాచ్‌మన్ నిద్రపోయిన రాత్రి ఎన్ని నీళ్లు పోయాయో తేలదు.

ఇదే వాల్వు గుట్ట దాటే గ్రావిటీ లైన్లకూ కావాలి. మధ్యలో ఎత్తైన చోట పైపు హైడ్రాలిక్ గ్రేడ్ లైన్ (పైపు పొడవునా హెడ్‌ను చూపే గీత) కంటే పైకి పోయిందనుకోండి. మోడల్ అక్కడ మైనస్ ప్రెజర్ చూపించి, సైఫన్‌లాగా నీళ్లు లాగేస్తుంది. అక్కడ ఎయిర్ వాల్వు ఉంటే అది గాలిని లోపలికి తీసుకుంటుంది, సైఫన్ తెగుతుంది, గుట్ట మీదే నీళ్లు గాలికి తెరుచుకున్నట్టవుతుంది. అప్పుడు ప్రవాహాన్ని శాసించేది చివరి అవుట్‌లెట్ కాదు, గుట్ట. ఎత్తైన జంక్షన్ తర్వాత సెట్టింగ్ 0తో అదే వాల్వు పెడితే ఈ సంగతి బయటపడుతుంది. వాటర్‌జెమ్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఎయిర్ వాల్వును జంక్షన్‌గా చూడాలా వద్దా అని ఒక ఆప్షనే ఉంది. ‘జంక్షన్‌గా’ అని వదిలేస్తే గుట్ట మాయమైపోతుంది.

పంపు హఠాత్తుగా ఆగినప్పుడు వచ్చే వాటర్ హ్యామర్‌కు (ప్రెజర్ అలల దెబ్బకు) పైన చెప్పినవేవీ చాలవు. హ్యామర్ సాఫ్ట్‌వేర్‌లో ‘డిశ్చార్జ్ టు అట్మాస్ఫియర్’ పేరుతోనే ఒక ఎలిమెంట్ ఉంది. ఆరిఫైస్, వాల్వు, రేటింగ్ కర్వ్ అనే మూడు రూపాల్లో వస్తుంది. ఆ లెక్కలకు దాన్నే వాడాలి.

ఫలితం వచ్చాక

ఏది ఎంచుకున్నా ప్రింటు తీసే ముందు అవుట్‌లెట్ దగ్గర నాలుగు అంకెలు చూడండి. ప్రెజర్ తెరిచిన నోటి దగ్గర సున్నాకు దగ్గరగా ఉందా, లేక వేగపు హెడ్ అంత ఉందా? చివరి పైపులో వేగం నమ్మదగినదేనా? సెకనుకు 10 మీటర్లు దాటితే మైనర్ లాస్ ఎక్కడైనా మరిచారేమో చూసుకోండి. ప్రవాహం గుర్తు ఏ గంటలోనూ తిరగబడలేదు కదా? మొత్తం సరఫరా, డిమాండ్లు, ఎమిటర్లు, రిజర్వాయర్లలోకి పోయినవి కలిపి సరిపోతున్నాయా? ఈపానెట్ జంక్షన్ డిమాండ్‌లో ఎమిటర్ ప్రవాహాన్ని కూడా కలిపే చూపిస్తుంది కాబట్టి ఈ చివరి లెక్కలో ఒకదాన్నే రెండుసార్లు కూడే ప్రమాదం ఉంది.

తర్వాత ఒక ప్రెజర్ గేజీ, ఒక బకెట్, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను తీసుకుని ట్యాంకు దగ్గరి ఇల్లు ఒకటి, మధ్య వీధిలో ఒకటి, చివరి ఇల్లు ఒకటి చూసి రండి. సరఫరా మొదలైన అరగంట తర్వాత వెళ్లండి. అంతకుముందు వెళ్తే పైపుల్లో గాలి కూడా మీ బకెట్‌లోకి బుసలు కొడుతూ వస్తుంది.